సున్నం గీత

"నీ చిన్న కొడుక్కి చెప్పమ్మా. ఇది కొండెక్కే జీపు, షికారు కారు కాదని."

"నీ పెద్ద కొడుక్కి చెప్పమ్మా. డాక్టరమ్మ కొండ మీద కాపురం పెట్టలేదు, రోడ్డు మీద కూడా నడుపుకోవాలని."

అన్నదమ్ముల మధ్య చేతికందేంత దూరం. అయినా మాటలన్నీ అమ్మ మీదుగానే. ఆవిడ షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని బఠాణీలు ఒలుస్తోంది.

"ఇద్దరికీ చెవులున్నాయిగా? లేక అవీ పంచేసుకున్నారా?" అంది తల ఎత్తకుండా.

తండ్రి పోయాక మిగతావన్నీ పంచుకున్నారు. స్పానర్లు, జాకీలు, ఆఖరికి టీ గ్లాసులు కూడా. బండి ముందు భాగం పని అన్నయ్యది, వెనక భాగం తమ్ముడిది. వీధిలో వాళ్ళ పేర్లు ఎప్పుడో మర్చిపోయారు. ముందోడు, వెనకోడు, అంతే. షెడ్డు మధ్యలో గోడ కట్టడానికి మేస్త్రి సున్నంతో గీత కూడా గీసి వెళ్ళాడు. ఇటుకలు బయట దిగాయి.

అప్పుడొచ్చింది డాక్టరమ్మ జీపు. కొండ మీది ఊళ్ళకు వైద్యానికి వెళ్ళే బండి. రెండు యాక్సిళ్ళలోనూ గేర్లు అరిగిపోయాయి.

"ఇదొక్కటీ కలిసి చేయండి. ఇది నడిస్తే గోడ లేదు. నడవకపోతే మొదటి ఇటుక నేనే పెడతా" అంది అమ్మ.

అన్న కొండ గేర్లన్నాడు. నెమ్మదిగా తిరుగుతాయి, ఏటవాలులో ఏనుగులా లాగుతాయి. తమ్ముడు రోడ్డు గేర్లన్నాడు. వేగం వస్తుంది, డీజిలు మిగులుతుంది. రెండిట్లో ఏవైనా ఫరవాలేదు. కానీ ముందూ వెనకా ఒకే రకం వేయాలి. వేరువేరు వేస్తే, నాలుగు చక్రాలకీ ఇంజను బలం ఇచ్చే లివర్ లాగగానే ముందు చక్రాలు ఒక వేగం అంటాయి, వెనకవి మరొకటి అంటాయి. బండి తనతో తానే పెనుగులాడి బిగుసుకుపోతుంది.

"ఒక్కడు తగ్గండ్రా."

"ఆ మొండివెధవనే తగ్గమను."

"నేనా? ఆ మహానుభావుడికి!"

"మీ నాన్న మీకు నట్లు బిగించడమే నేర్పాడు" అంది అమ్మ. "వదులు చేయడం నేర్పలేదు."

అన్న స్పేర్ పార్టుల షాపుకి వెళ్ళాడు. షాపతను పెట్టె మీది అంకె చూసి, "ఇవేనా? బాగా చూసుకున్నావా?" అని రెండుసార్లు అడిగాడు.

"నువ్వూ నాకు పని నేర్పేవాడివేనా? ఇవ్వు!" అని కసిరాడు అన్న.

అన్న తొక్కిన గడప తమ్ముడు తొక్కడు. ఊరి అవతలి షాపుకి పోయాడు. ఎవరి పెట్టె వాళ్ళు గోనెసంచిలో చుట్టి తెచ్చుకున్నారు. బండికి అడ్డంగా పాత దుప్పటి కట్టి, చెరో పక్కా కూర్చుని పని చేశారు. దొంగసొత్తు దాచుకున్నట్టు.

తండ్రి ఉన్నప్పుడు ఒక అలవాటుండేది. మూతలు బిగించాక ఇంజను నుంచి చక్రాలకు వెళ్ళే షాఫ్టును చేత్తో తిప్పి, చక్రం ఎంత తిరిగిందో ముందూ వెనకా సరిచూసేవాడు. అందుకు ముందొకరు, వెనకొకరు నిలబడాలి. చుట్లు పైకి చెప్పుకోవాలి. ఈ ఘనులు మాట్లాడుకుంటేగా! సరిచూడకుండానే దుప్పటి విప్పేశారు.

బండి తీసుకోవడానికి డాక్టరమ్మ వచ్చేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. మేస్త్రి తాపీ చేత్తో పట్టుకునే వచ్చాడు.

"నడుస్తుందంటావా?" అన్నాడు ఇస్త్రీ కొట్టతను.

"ఆ మొహాలకా?" అన్నాడు మేస్త్రి. "నేను సిమెంటు కలిపేసే వచ్చాను."

డాక్టరమ్మ బండి కదిలించింది. వెనక చక్రాల మీద నాలుగు బారలు సాఫీగానే వెళ్ళింది. ఇంజను గొంతు విని అన్న చటుక్కున తల తిప్పాడు.

ఆవిడ నాలుగు చక్రాల లివర్ లాగింది. టైర్లు కీచుమన్నాయి. బండి ఒళ్ళంతా కుదిపి, ముక్కి, వీధి మధ్యలో బిగుసుకుపోయింది.

"ఏమిటయ్యా ఇది?" అంది డాక్టరమ్మ కిందికి దిగి. "పైన మనుషులు నా కోసం కాచుకుని ఉంటారు. మీ పౌరుషాలకి నా బండే దొరికిందా?"

జనం తిట్ల కోసం చెవులు రిక్కించారు. అన్న వెనక చక్రాల వంక చూస్తున్నాడు. తమ్ముడు ముందు చక్రాల వంక చూస్తున్నాడు.

"తేలు కుట్టిన దొంగల్లా ఎలా నిలబడ్డారో చూడండి" అన్నాడు ఇస్త్రీ కొట్టతను. అందరూ నవ్వారు.

"మొదలుపెట్టనా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

అమ్మ లేచింది. ఒడిలోని బఠాణీ తొక్కలు దులిపింది. బయటికి వెళ్ళి ఒక ఇటుక తీసుకుని వచ్చింది.

"బండి లోపలికి నెట్టండి. మూతలు విప్పండి. ఎవడు మొండికేశాడో చూసి, ఇది వాడి నెత్తిన పెడతా."

బండి సరిగ్గా సున్నం గీత మీద ఆగింది. అన్న స్పానరు తీసుకుని, గీత దాటి, వెనక యాక్సిల్ కిందికి దూరాడు. తమ్ముడు ముందు యాక్సిల్ కిందికి దూరాడు. బోల్టులు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి. నూనె ట్రేలలోకి కారింది. మూతలు ఊడి వచ్చాయి.

అమ్మ ఇటుకతోనే వంగి, ముందొకసారీ వెనకొకసారీ చూసింది.

అన్న బిగించిన ముందు యాక్సిల్లో ఉన్నవి రోడ్డు గేర్లు, తమ్ముడు బిగించిన వెనక యాక్సిల్లో ఉన్నవి కొండ గేర్లు.