అందుకున్నవారి సంతకం

మాదాపూర్ హోటల్‌కు విదేశీ అధికారులు రావడానికి ఇంకా పది నిమిషాలుంది. వాళ్ళ దేశపు జైల్లో ఉన్న పదకొండు మంది మన కూలీల విడుదల గురించి రెండు ప్రభుత్వాల మధ్య చర్చలు.

“మాట్లాడేది నేను. మీరు వెనక కూసోండ్రి మేడం,” అన్నాడు ఢిల్లీ పంపిన ప్రత్యేక దూత లింగమూర్తి.

“ఆ దేశంలో మన రాయబారిని నేనండి. మూడేళ్ళు ఆ జైలు చుట్టూ తిరిగింది నేను,” అంది రేఖ.

“తిరిగిన్రు. ఒక్కన్నన్నా తెచ్చిన్రా?”

“మీరు ఫోటో కోసం వచ్చారు. దిగి వెళ్ళిపోండి.”

బల్లకు ఇటువైపు మధ్య కుర్చీ ఒకటే. ఇద్దరూ దాని వీపు పట్టుకుని నిలబడ్డారు. తలుపు తెరుచుకున్నా వదల్లేదు.

వచ్చినవాళ్ళలో ముఖ్య అధికారి కూర్చోలేదు. “మీలో పెద్ద ఎవరు?” అని దుభాషి ద్వారా అడిగాడు.

“నేను,” అన్నారిద్దరూ.

ఆయన చేతిలోని కాగితాన్ని మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

“చర్చించడానికేమీ లేదు. విడుదల ఉత్తర్వు ఇచ్చి పోదామని వచ్చాను. అందుకున్నట్టు ఒక్కరి సంతకం చాలు. ఎవరో తేల్చుకుని కబురు చేయండి.”

ఆ కూలీల భార్యలు గోడ వారన కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకామె లేచి, బయటికి వెళ్తున్న ఆయన వెనకే తలుపు దాకా నడిచింది.

“సంతకం నేను పెడత సారూ. ఇటియ్యుండ్రి.”

ఆ మాట అనువదించమని దుభాషికి ఎవరూ చెప్పలేదు.