కూర్చునే మనిషి

“కూర్చునే మనిషి లేకుండా కొలత తియ్యనమ్మా!” అంటూ దర్జీ టేపు చుట్టి జేబులో పడేశాడు.

“ఖాళీ కుర్చీని కొలిచి తొడుగు కుట్టలేవా బాబూ?” అంది ఇంటావిడ.

“కుట్టడానికేం, కుడతాను. మనిషి కూర్చోగానే స్ప్రింగులు దిగుతాయి, కుట్లు పటపటా ఊడతాయి. తర్వాత తిట్లు నాకు! మొన్న వస్తే అయ్యగారు బయటికెళ్ళారన్నారు. నిన్న వస్తే పడుకున్నారన్నారు. ఇవాళేం చెప్తారు?”

ఆవిడ చేతిలోని కొత్తగుడ్డ అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. లేత నీలం మీద సన్నటి చారలు.

“ఈ రంగంటే ఆయనకిష్టం. ఇది వేస్తే ఆయన మళ్ళీ ఇందులో కూర్చుంటారు. ఎలాగోలా కుట్టిపెట్టు బాబూ!”

దర్జీది నోరు పెద్దదే గానీ మనసు వెన్న. పైగా ఇరవై ఏళ్ళుగా కుర్చీలకు తొడుగులు కుట్టిన చెయ్యి. ఒక్కసారి వంగి ఆ పాత సోఫా కుర్చీని పరీక్షగా చూశాడు. చేతుల మీది జిడ్డు ఎప్పుడో ఎండిపోయింది. మెత్త మూలల్లో దుమ్ము గడ్డకట్టింది. మనిషి కూర్చుని ఏళ్ళయి ఉంటుంది. దానికి ఎదురుగా ఉన్న ఆవిడ కుర్చీ మాత్రం గుంటపడిపోయింది.

అతనికి సంగతి అర్థమైపోయింది. పాపం, కొందరు ఆ మాట నోటితో అనలేరు. మూడు రోజులుగా మనిషి ఏడీ, మనిషి ఏడీ అని ప్రాణం తీసినందుకు తన నోటిని తనే తిట్టుకున్నాడు.

“ఆయన నా అంత ఉండేవారా అమ్మా?”

“భుజాలు కాస్త వెడల్పు.”

“అయితే నేనే కూర్చుంటా. టేపు మీరు పట్టుకోండి.”

ఆవిడ ముఖం విప్పారింది. కొలుస్తూ మాట్లాడింది, మాట్లాడుతూ కొలిచింది. పిల్లలెందరు, ఏ తరగతి, ఈ ఎండల్లో ఎలా తిరుగుతున్నావు, పక్కింటి పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టింది... అతను “ఊఁ” కొట్టినందుకే మురిసిపోయింది. కొలిచిందే మళ్ళీ కొలిచింది. పావుగంట పనికి రెండు గంటలు పట్టింది. మాట కోసం ఇంత మొహం వాచిపోయిన మనిషిని దర్జీ ఎన్నడూ చూడలేదు. కదిలితే ఎక్కడ ఆగిపోతుందో అని బొమ్మలా కూర్చున్నాడు.

నాలుగు రోజుల తర్వాత తొడుగు తెచ్చి తొడిగాడు. ఎక్కడా ముడత లేదు. పాత కుర్చీ పెళ్ళికొడుకులా తయారైంది. ఆవిడ దాన్ని చేత్తో నిమురుతుంటే చూడలేక, గుమ్మం దగ్గర ఆగి గొంతు సవరించుకున్నాడు.

“మనసు రాయి చేసుకోవాలమ్మా. పోయినవాళ్ళు ఎంత ఎదురుచూసినా రారు.”

ఆవిడ తెల్లబోయి చూసింది.

“పోవడమేంటి బాబూ? పక్కగదిలోనే ఉన్నారు. నాతో మాట్లాడటం మానేశారంతే!”