వీనస్ వడ్డాణం

ముసలాయన గాజు కూజాతో మళ్ళీ నీళ్ళలోకి దిగడం చూసి లెత్తేరియాకు ఒళ్ళు మండింది.

"వీడు ఈతకొచ్చినవాడు కాదురా ప్లాచిదో," అంది మరిదితో.

"ఈతకొచ్చినోడు గొడుగు అద్దెకు తీసుకోడా వదినా? మునిసిపాలిటీ పంపిన మనిషే!"

గంజిర్రి తీరంలో గొడుగులు, కుర్చీలు అద్దెకిస్తుంది లెత్తేరియా. ఏడాది తిండి ఈ వేసవిలోనే సంపాదించుకోవాలి. కుట్టే జెల్లీచేపలు వచ్చాయని ఎవరు పుట్టించారో గానీ, ఊరంతా అదే మాట. రుజువైతే తీరం మూసేస్తారు.

ముసలాయన ఒడ్డుకొచ్చాడు. కూజాలో తేటగా, పొడుగ్గా, రిబ్బనులాంటిదేదో మెలికలు తిరుగుతోంది.

"ఏమిటది?"

"వీనస్ వడ్డాణం అంటారమ్మా. తాకితే చాలు, ముక్కలైపోతుంది. ఎంత వెతికితే దొరికిందో! మధ్యాహ్నం ఒకరికి చూపించాలి."

"చూపించండి, చూపించండి."

ఎవరికో తనకు తెలియదా!

ఆయన కూజా నీడలో పెట్టి ఐసు తురుము గ్రనీతా తినడానికి వెళ్ళాడు. వెళ్ళీ వెళ్ళగానే లెత్తేరియా దాన్ని సముద్రంలో బోర్లించేసింది.

"బంతాట పిల్లలు తన్నేశారు," అంది ఆయన తిరిగొచ్చాక, కన్నార్పకుండా.

ఆయన ఖాళీ కూజాతో మళ్ళీ దిగాడు.

"వెతకనీ, తిక్క కుదురుతుంది," అని నవ్వింది లెత్తేరియా.

గాలి మళ్ళింది. నీళ్ళు కలకబారాయి. ముసలాయన పెదాలు నీలంగా మారినా మునుగుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం కారు ఆగింది. చేతిలో ఎర్రజెండాతో మునిసిపాలిటీ అధికారి దిగాడు.

"డాక్టర్ స్కువాద్రితో గారు ఎక్కడ?"

"ఏ డాక్టరు?"

"సముద్రజీవుల డాక్టరు. మీ దగ్గర తేలేవి జెల్లీచేపలే కావట. దువ్వెన జీవులని వేరే వంశమట, కుట్టనే కుట్టవట. మావాళ్ళు నమ్మలేదు. ఇవాళ మధ్యాహ్నంలోగా ఒకదాన్ని ప్రాణంతో పట్టి చూపిస్తే తీరం మూయబోమన్నాం."

ప్లాచిదో తల దించుకున్నాడు.

"కాసేపు ఆగండయ్యా... ఆయన వెతుకుతున్నారు," అంది లెత్తేరియా నీళ్ళకేసి చూపిస్తూ.

"గడువు నా చేతిలో లేదమ్మా," అంటూ అధికారి ఇసుకలో జెండా పాతాడు.

"మేమంతా మూసెయ్యాలంటుంటే," అన్నాడు, "గొడుగులవాళ్ళ పొట్ట కొట్టొద్దని అడ్డుపడింది ఆయనొక్కడే."