లెక్క అప్పగింత

మూడున్నరకు ఫోను మోగింది. మోగుతుందని తెలిసే అతను టీ కప్పు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

"ఈవేళా సున్నాయే!" అందావిడ, పలకరింపు కూడా లేకుండా.

"ఎన్నింటికి పడిందక్కయ్యా?"

"రెండూ పదికి. అప్పటిదాకా బుద్ధిగానే లెక్కపెట్టింది. నీ ప్రాసెసరు పడుకుంది, లెక్క గాలికి పోయింది."

"చూస్తున్నాను."

"ఏడు నెలలుగా చూస్తూనే ఉన్నావు. ముందు ఆ కళ్లద్దాలు మార్చుకో నాయనా!"

అతను నవ్వాడు. ఆ గదిలో ఆ రోజుకు అదే మొదటి మాట, అదే మొదటి నవ్వు.

కంప్యూటరులో బొమ్మలు గీసే చిప్పు ఎంతసేపు పనిచేసిందో లెక్కపెట్టే ప్రోగ్రాము అతనిది. ఆ లెక్క చూసే బాధ్యతను యంత్రంలోని ప్రాసెసర్లలో ఏదో ఒకదానికి ఒప్పజెబుతారు. పని తగ్గినప్పుడు యంత్రం కొన్ని ప్రాసెసర్లను నిద్రపుచ్చుతుంది. లెక్క చూసేదానికే నిద్ర వేళ వస్తే, మెలకువగా ఉన్న మరొకదానికి లెక్క అప్పగించి మరీ పడుకోవాలి. అతని ప్రోగ్రాము ఒక్కొక్కప్పుడు ఆ అప్పగింత మరిచిపోయేది. లెక్క సున్నాకు పడేది.

యంత్రాలకు అలకలుండవు, కారణాలుంటాయి. ఈ కారణం రెండో వారంలోనే అతనికి రూఢి అయింది. సవరణ మొత్తం తొమ్మిది వరుసలు. తన బల్ల మీది యంత్రంలో ప్రాసెసర్లను ఒక్కొక్కటిగా ఆపుతూ, లేపుతూ నలభైసార్లు పరీక్షించాడు. ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు.

కానీ పంపలేదు. పంపితే ఇక ఫోను రాదు.

ఒకప్పుడు ఆ గదిలో ఏడుగురుండేవారు. ఇద్దరు కంపెనీ మారారు, నలుగురు పై అంతస్తుకు మారారు. "లెక్కల బాబాయి" అని పేరు పెట్టి మరీ వెళ్లారు గానీ, ఆ పేరుతో పిలవడానికి మేనేజరమ్మ ఒక్కతే నెలకోసారి కిందికి దిగేది. ఇంట్లో, తల్లి పోయాక, రెండో కుర్చీని ఇస్త్రీకి ఇవ్వవలసిన బట్టలు ఆక్రమించాయి.

ఆవిడ తొలిసారి ఫోను చేసినప్పుడు, "ఇంజనీరు గారూ, నెట్‌లో అందరికీ తెరిచి పెట్టిన మీ ప్రోగ్రామంతా చదివాను. పొందికగా రాశారు. ఒక్కచోట మాత్రం అప్పగింత మరిచారు. నా యంత్రంలో రోజూ లెక్క పడిపోతోంది" అంది. జనాభా లెక్కల ఆఫీసు కంప్యూటర్ల విభాగంలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. పదకొండేళ్లుగా అతను రాస్తున్నదాన్ని మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివిన వ్యక్తి, అతనికి తెలిసినంతవరకు, ఈ భూమ్మీద ఆవిడొక్కతే.

రెండో నెలకల్లా "ఇంజనీరు గారు" కాస్తా "తమ్ముడు" అయ్యాడు. ఫిర్యాదుకు రెండు నిమిషాలు. ఆపైన మోకాలి నొప్పి, పై వాటాలో పగలంతా కుర్చీలు ఈడ్చేవాళ్లు, మందుల షాపువాడి చేతిరాత, అన్నీ వచ్చేవి. తొలిరోజే అడగవలసిన యంత్రం వివరాలు అతను అడగనే లేదు. అడిగితే పని ముందుకు సాగుతుంది.

మంగళవారం మేనేజరమ్మ దిగివచ్చింది.

"బాబాయ్, మీ పేరు మీద మిగిలింది ఒక్కటంటే ఒక్క ఫిర్యాదు. ఏడు నెలలు! పాపం, ఆ పెద్దావిడ రోజూ ఫోను చేస్తున్నారట. మీకు తీరిక లేకపోతే చెప్పండి, మావాళ్లకు ఇచ్చేస్తాను."

"వద్దులే అమ్మా. చేసేస్తాను."

తీరిక అన్న మాట అతన్ని ఏమీ చెయ్యలేదు. "పాపం" అన్నది గుచ్చుకుంది. నిజమే కదా. ఒక పెద్ద మనిషి మధ్యాహ్నాలను ఏడు నెలలుగా దొంగిలిస్తున్నాడు.

బుధవారం ఆ తొమ్మిది వరుసలూ పంపేశాడు.

గురువారం మూడున్నరకు ఫోను వచ్చింది.

"పనిచేసింది తమ్ముడూ. లెక్క ఆగలేదు." గొంతులో సంబరమేమీ లేదు.

"మంచిదక్కయ్యా. చాలా ఆలస్యం చేశాను. ఏమీ అనుకోకండి."

"ఆలస్యానికేముందిలే."

అవతల పై వాటాలో ఎవరో కుర్చీ ఈడ్చారు. ఇద్దరూ అది పూర్తయ్యేదాకా విన్నారు.

"అయితే ఇక నా ఫిర్యాదు మూసేస్తారన్నమాట."

"మూసెయ్యాలి. మీకొక ఫారం పంపిస్తారు. యంత్రం వివరాలు నింపాలి, నాలుగే గడులు. అది చేరితే సరి."

"తప్పదా?"

"రూలక్కయ్యా."



"ఫోనులోనైతే ఏదో ఒకటి అనేస్తాం. ఫారంలో తప్పు అంకె వెయ్యడం మాత్రం నాకు చేతకాదయ్యా. పాడు అలవాటు, ముప్పై రెండేళ్లది." చిన్నగా దగ్గింది. "సరే. ఉంటాను మరి."

మోకాలు జాగ్రత్త అని అతను అనేలోపే ఫోను పెట్టేసింది.

శుక్రవారం మూడున్నర అయింది. నాలుగూ అయింది. కిటికీ అద్దం మీది ఎండ గోడ మీదికి జరిగింది. ఆమె ఫారం మాత్రం వచ్చి తెర మీద నిలిచింది. చూడవలసిన అవసరమేమీ లేదు. మూసెయ్యడానికి ఒక్క మీట చాలు. అయినా ఆవిడ నుంచి వచ్చిన చివరి మాటలు కదా అని తెరిచి, మెల్లగా చదివాడు.

యంత్రం వయసు, పధ్నాలుగేళ్లు. జ్ఞాపకశక్తి, అంతంత మాత్రం. వాడేవారు, ఒకరు.

"ప్రాసెసర్ల సంఖ్య" అన్న గడిలో ఆవిడ "ఒకటి" అని రాసింది. ఒకే ఒక్క ప్రాసెసరున్న యంత్రం దాన్ని ఏనాడూ నిద్రపుచ్చజాలదు, అందులో ఆ లెక్క ఏనాడూ సున్నాకు పడదు.