నీరసించిన బ్యాటరీ

హెలికాప్టర్ దిగిన గాలికే రసూల్‌బీ కల్లంలో సగం మిరపకాయలు చెల్లాచెదురయ్యాయి. ప్రచార సభ ముగించుకుని నాయకుడు తిరిగొచ్చేసరికి ఆమె పైలట్‌ని బతిమాలుతోంది.

"కాసేపాగయ్యా! ఏడాది పంట. పోగుచేసి పట్టా కప్పుకుంటా."

"ఆగేదేంటి? పొన్నూరులో జనం ఎదురుచూస్తున్నారు. పోనీయ్!" అన్నాడు నాయకుడు.

పైలట్ లోపలికెళ్ళి, ఏవో స్విచ్చులు నొక్కి దిగొచ్చాడు.

"బ్యాటరీ నీరసించింది సార్. ఇప్పుడు టర్బైన్ తిప్పితే ఇంజిన్ కాలిపోతుంది."

"డిస్టిల్డ్ వాటర్ తెచ్చి పోద్దామా?" అన్నాడు ఆ ఊరి కార్యకర్త కోటేష్.

"ఇది సీల్డ్ బ్యాటరీ అండీ, పోయడానికి మూతలుండవు. కాసేపు వదిలేస్తే అదే తేరుకుంటుంది."

నాయకుడు విసుగ్గా తను వచ్చిన జీపులోనే కూలబడ్డాడు. రసూల్‌బీ కొంగు బిగించింది.

"ఏరా కోటేషూ, చూస్తావేం? ఆ పట్టా కొస పట్టుకో!"

ఇద్దరూ కాయలు పోగుచేసి, పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టారు.

ఆఖరి రాయి పెట్టగానే పైలట్ లోపలికెక్కాడు. ఒక్క నొక్కుకే ఇంజిన్ అందుకుంది.

"అబ్బో, భలే తేరుకుందే!" అంటూ నాయకుడు సంబరంగా ఎక్కాడు.

రసూల్‌బీ అద్దంలోంచి పైలట్‌ని చూసింది. అతను నవ్వాపుకుంటూ తల తిప్పుకున్నాడు. అప్పుడు వెలిగింది ఆమెకి.

ఆ హోరులోనే రెండు చేతులూ ఎత్తి అరిచింది.

"నీ బ్యాటరీ చల్లగుండ, నాయనా!"