నానిన పండు

మూడో సీసాలోంచి మాత్రం ఏమీ రాదని బాబాయ్ పొద్దుటి నుంచీ వాదిస్తూనే ఉన్నాడు.

బాబాయ్ అంటే ఎవరికీ సొంత బాబాయ్ కాదు, ల్యాబ్ అటెండరు. సీసాలు కడుగుతాడు, బీరువా తాళాలు తీస్తాడు, పిల్లలు పగలగొట్టిన గాజుసామాను నేరం తన మీద వేసుకుంటాడు. రెండు వారాలు సెలవు పెట్టి ఇవాళే వచ్చాడు. సెలవెందుకంటే ‘ఊరికే’ అన్నాడు. ఊరికి కాబోలనుకున్నారు పిల్లలు.

ఇవాళ ల్యాబ్‌లో ఉన్న ఇద్దరమ్మాయిల ప్రాజెక్టు, పండులోంచి డీఎన్ఏ తీసి కొలవడం. ఫలంలోంచి ఫలితం రాబట్టడమన్నమాట. మొదటి సీసాలో తాజా అరటిపండు. రెండోదాంట్లో బాగా మగ్గింది. మూడోది ఐదు రోజులు నీళ్లలో నానింది.

“ఈ చీటీ ఏంటే?” పొడుగమ్మాయి అరిచింది. “‘నానిన పండు’ అని రాయమంటే ‘నాన్న పండు’ అని రాశావు. గుడి మింగేశావేంటే తల్లీ!”

“తొందర్లో గుడి కూలి వత్తు దిగబడిందిలే,” అంది కళ్లద్దాల అమ్మాయి.

ఇద్దరూ పకపకా నవ్వారు. బాబాయ్ ఆ చీటీ వంకే చూస్తూ ఉండిపోయాడు.

“అంత కుళ్లినదాంట్లో ఏం మిగులుతుందమ్మా? మిషన్లు తప్పు చూపిస్తాయి,” అన్నాడు చివరికి.

“మా మార్కుల మీద నీకేం పగ బాబాయ్?”

“పగ కాదు తల్లీ. సీసాలు మారిపోవచ్చుగా? ఒకదాని బదులు ఇంకోటి...”

“మారకూడదనేగా చీటీలు!”

కళ్లద్దాల అమ్మాయి మూడో సీసాలోని గుజ్జు నలిపింది. ఉప్పూ సబ్బునీళ్లూ కలిపి వడకట్టింది. గాజు గొట్టంలోకి చల్లటి ఆల్కహాలు అంచు వెంబడి మెల్లగా వదిలింది. బాబాయ్ పెదాలు కదులుతున్నాయి. రాకు, రాకు అన్నట్టు.

వచ్చింది. తెల్లటి సన్నటి దారాలు పొగలా పైకి లేచాయి.

కాసేపటికి వాటిని కరిగించి, ఎంత శుద్ధమో కొలిచే మిషన్లో పెట్టారు.

“ఒకటి పాయింట్ ఎనిమిది! శుద్ధమైన డీఎన్ఏ! మన పంట పండిందే!” పొడుగమ్మాయి గెంతింది.

“ఇంకోసారి చూడమ్మా.”

చూసింది. అదే అంకె.

“ఇంకొక్కసారి.”

అదే అంకె.

“దారాలు తక్కువ వచ్చాయి గానీ లెక్క తప్పు రాలేదు బాబాయ్,” కళ్లద్దాలు సర్దుకుంది ఆ అమ్మాయి. “ఎన్నాళ్లు నానినా పండు పండే.”

బాబాయ్ స్టూలు మీద కూలబడ్డాడు.

“ఓడిపోయావుగా! ఒప్పుకో మరి!”

“ఓడిపోయానమ్మా,” అన్నాడు.

ఏటిలో ఐదు రోజులకు తేలిన శవం తన కూతురు పండుదేనని తేల్చిన డీఎన్ఏ కాగితాన్ని, లెక్క ఎక్కడో తప్పి ఉంటుందన్న ఆశతో, ఆయన ఇంకా ఇంట్లో చూపించలేదు.