తిరగని పేజీ

"ఎన్నాళ్ళే, ఇంకా అదే పేజీ! ఇవాళైనా తిప్పనిస్తావా?" బైబిలు ముందు కూర్చున్న ముసలాయన అడిగాడు.

చదివిన మాట చేసి చూపేదాకా పేజీ తిప్పకూడదన్నది పెళ్ళినాటి నుంచీ ఆ దంపతుల నియమం. సంతోషించేవాళ్ళతో కలిసి సంతోషించమన్న మాట దగ్గర ఇప్పుడు ఆగిపోయారు.

"ఏడ్చేవాళ్ళతో ఏడవమని కూడా ఉందిగా. ముందు అది చేస్తాను," అంది పెద్దావిడ.

గోడకవతల తోటికోడలి కూతురు నవ్వుతోంది. ఇద్దరి కూతుళ్ళూ ఒకే ఏడాది అలిగి ఇల్లు విడిచారు. తోటికోడలి కూతురు తిరిగొచ్చింది. పెద్దావిడ కూతురు రాలేదు.

"దాని తల్లి ప్రార్థనకే దేవుడు చెవి ఒగ్గాడు. నాది బొంగురు గొంతు కాబోలు!"

"వెళ్ళి ఆ మాటే అనేసి రా. వెళ్ళినట్టయినా ఉంటుంది."

ఆమె విసురుగా లేచింది. పక్కవాటా ముందు తలుపుకు గడియ వేసి ఉంది. సందులోంచి పెరట్లోకి వెళ్ళేసరికి, తోటికోడలు కూతురి చెప్పులు గుమ్మం లోపల దాస్తోంది.

"పట్టపగలు ముందు తలుపు వేసుకున్నావేమే?"

తోటికోడలు తడబడింది. "నీ కంటపడితే నీకు కష్టమని, అక్కా... దాన్ని పెరటి దారినే తిప్పుతున్నాను. గట్టిగా నవ్వొద్దనీ చెప్తున్నాను."

పెద్దావిడ గుమ్మంలోకి అడుగుపెట్టింది. ఇన్నాళ్ళకు ఇల్లు చేరిన పిల్ల, తన మూలాన దొంగలా తిరుగుతోంది.

ఆ చెప్పులు అందుకుని ఇంట్లోంచి ముందువైపుకు వెళ్ళి, గడియ తీసి, ముందు గుమ్మం బయట పెట్టింది.

"పెద్దమ్మా!" అంటూ వచ్చిన పిల్లను వాటేసుకుంది. కడుపులో మంట ఇంకా ఆరలేదు. కళ్ళు తుడుచుకుంది.

"గట్టిగా నవ్వవే," అంది. "మీ పెదనాన్నకు వినబడాలి. పేజీ తిప్పుకుంటారు."